జ్వరం తగ్గాక కూడా మనిషి నుంచి దోమకు మలేరియా అంటుతుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా చిన్నబ్బాయి రోడ్డు పని మీద బస్తర్ వైపు నెల రోజులుండి వచ్చాడు. వచ్చిన వారానికి చలిజ్వరం పట్టుకుంది. రక్తపరీక్షలో ఫాల్సిపారం మలేరియా అన్నారు. మూడు రోజుల కోర్సు ఒక్క మాత్ర వదలకుండా వేశాం. జ్వరం పోయింది, అన్నం బాగానే తింటున్నాడు. రెండో రోజు ఒకేసారి మింగమని ప్రైమాక్విన్ అని వేరే మాత్రలు ఇచ్చారు. అవి వేసుకుంటే కడుపులో తిప్పుతుందని ఎవరో చెబితే పక్కన పెట్టేశాం. పదో రోజున మళ్లీ పరీక్ష చేయిస్తే "ఫాల్సిపారం గామెటోసైట్స్ సీన్" అని రాసిచ్చారు. మందు పని చేయలేదా? ఇంట్లో పెద్ద కోడలికి ఆరో నెల, మనవరాలికి నాలుగేళ్లు. వాళ్లిద్దరినీ దోమతెరలో పడుకోబెడుతున్నాం, అబ్బాయి హాల్లో పడుకుంటున్నాడు. వాణ్ని కుట్టిన దోమే లేచి వెళ్లి పాపను కుడితే ఎలా? వాడి కంచం, గ్లాసు వేరు పెట్టాలా? మాకు నాలా దగ్గర, దోమలు చాలా ఎక్కువ.

సమాధానం: అమ్మా, ముందు కంచం, గ్లాసు కలిపేయండి. తిండి వల్ల, తాకడం వల్ల, పక్కన కూర్చోవడం వల్ల మలేరియా రాదు. మందు పని చేయలేదన్న అనుమానం కూడా వద్దు. జ్వరం పోయింది, రిపోర్టులో గామెటోసైట్లు తప్ప ఇంకేమీ రాయలేదు అంటే మందు తన పని తాను చేసింది. అయితే మీ ఇంట్లో రెండు పొరపాట్లు జరిగాయి. పక్కన పెట్టేసిన ఆ మాత్రలు ఒకటి. దోమతెరలో ఉండాల్సిన మనిషిని హాల్లో పడుకోబెట్టడం రెండోది. ఇవి ఎందుకు పొరపాట్లో తెలియాలంటే దోమ కుట్టినప్పుడు ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి.

మలేరియా పరాన్నజీవి మన రక్తంలో రెండు వేషాల్లో తిరుగుతుంది. ఒకటి ఎర్రకణంలో దూరి, పిల్లలు పెట్టి, ఆ కణాన్ని బద్దలుకొట్టుకుని వచ్చి మరో పది కణాల్లో దూరే రకం. చలి, వణుకు, జ్వరం అంతా దాని పనే. మీ అబ్బాయి మూడు రోజులు వేసుకున్న మందు చంపింది దీన్నే. రెండోది గామెటోసైటు. కొన్ని పరాన్నజీవులు పిల్లలు పెట్టడం మానేసి ఆడగానో మగగానో మారి ఆగిపోతాయి. అవే ఇవి. ఇవి మనిషిలో పెరగవు, పొదగవు, జ్వరం తెప్పించవు. దోమ వచ్చి పీల్చుకుపోయేదాకా ఎర్రకణంలో కాచుకుని కూర్చుంటాయి. దోమ రాకపోతే కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో అక్కడే చచ్చిపోతాయి.

ఫాల్సిపారంలో ఇవి తయారు కావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఆ కాలమంతా ఎక్కువగా ఎముక మూలుగలో దాక్కుని, ముదిరాక రక్తంలోకి వస్తాయి. అందుకే మొదటి పరీక్షలో కనబడనివి, జ్వరం పోయి ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నాక బయటపడ్డాయి. మైక్రోస్కోపులో నెలవంకలాగా, కొంచెం లావుగా అరటికాయలాగా ఉంటాయి. అలవాటున్న టెక్నీషియన్ ఒక్క చూపులో గుర్తుపడతాడు. మూడు రోజుల కోర్సులోని మందులు లేత గామెటోసైట్లను కొంత చంపగలవు కానీ ముదిరినవాటికి అంతగా లొంగవు. వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియాలో కథ వేరు. అందులో గామెటోసైట్లు జ్వరంతో పాటే, ఒక్కోసారి అంతకుముందే రక్తంలో ఉంటాయి. మనిషి ఇంకా పరీక్షకు వెళ్లకముందే దోమకు అంటించేస్తాడు.

ఇక దోమ సంగతి. కుట్టేది ఆడదే, గుడ్లకు రక్తం కావాలి కాబట్టి. మలేరియాను మోసేది ఎనాఫిలిస్ జాతి ఒక్కటే. అది ఒకసారికి రెండు మూడు మైక్రోలీటర్ల రక్తం తాగుతుంది. సిరంజి కొసన వేలాడే చుక్కలో ఇరవయ్యో వంతు అనుకోండి. మీ అబ్బాయి రక్తంలో మైక్రోలీటరుకు పది గామెటోసైట్లే ఉన్నాయనుకుందాం. రెండు మైక్రోలీటర్లు తాగితే దోమ కడుపులోకి ఇరవై చేరతాయి. అందులో ఆడవి ఎక్కువ, మగవి తక్కువ. పదిహేను, అయిదు అనుకోండి. రెండు రకాలూ పడకపోతే ఆ భోజనం పరాన్నజీవికి దండగే. పడితే మాత్రం దోమ కడుపులో తతంగం నిమిషాల్లో మొదలవుతుంది.

మన ఒంట్లో 37 డిగ్రీల వేడిలో ఉన్న ఆ కణం ఒక్కసారిగా దోమ కడుపులోని చల్లదనంలో పడింది. అక్కడ క్షారగుణం ఎక్కువ. దోమ ఒంట్లోనే తయారయ్యే శాంథురెనిక్ ఆమ్లం అనే పదార్థం కూడా తగులుతుంది. ఈ మూడూ కలిసి "మనిషిలోంచి బయటపడ్డాం" అని దానికి కబురు చెప్పినట్టే. నెలవంక గుండ్రంగా ఉబ్బి ఎర్రకణాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. మగది తన డీఎన్‌ఏను మూడుసార్లు రెట్టింపు చేసుకుని, పది పదిహేను నిమిషాల్లో ఎనిమిది సన్నటి పోగులను వదులుతుంది. కొరడాల్లా కొట్టుకుంటూ అవి ఆడకణాలను వెతుక్కుంటాయి. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు గాజుపలక మీద చల్లారుతున్న రోగి రక్తంలో చూసింది ఈ కొట్టుకోవడాన్నే. మలేరియాకు కారణం ఒక జీవి అని అప్పుడే తేలింది.

గంట లోపలే ఆడా మగా కలిసిపోతాయి. ఒక రోజు తిరిగేసరికి ఆ కలిసిన కణం పురుగులా సాగి, తాగిన రక్తపు ముద్దలోంచి పాకి, కడుపు గోడను తొలుచుకుని అవతలి వైపుకు చేరి బుడిపెలా అంటుకుంటుంది. ఎక్కువ శాతం ఈ దారిలోనే పోతాయి. రక్తంతో పాటే అరిగిపోయేవి కొన్ని, గోడ దాటలేనివి కొన్ని, దోమ రోగనిరోధక శక్తికి బలయ్యేవి కొన్ని. చివరికి ఒక దోమలో ఒకటో రెండో బుడిపెలు మిగిలినా చాలు. ఒక్కొక్క బుడిపెలో వేలకొద్దీ సూదుల్లాంటి స్పోరోజాయిట్లు పుడతాయి. అది పగిలాక అవి దోమ ఒంట్లో కొట్టుకుపోయి లాలాజల గ్రంథుల్లోకి చేరతాయి. అప్పటికి గానీ ఆ దోమ ఎవరికీ మలేరియా ఇవ్వలేదు.

ఈ బుడిపెలను మొదట చూసింది మన ఊళ్లోనే. రెండేళ్లుగా వేరే జాతుల దోమలను కోసి కోసి విసిగిపోయిన రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు అప్పుడు సికింద్రాబాద్‌లో ఉన్నాడు. 1897 ఆగస్టు 16న, రెక్కల మీద మచ్చలున్న పది దోమలను హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలాడు. హుసేన్ ఖాన్ రక్తంలో నెలవంకలున్నాయి. మీ అబ్బాయి రిపోర్టులో ఉన్నవే. దోమ కాటుకు ఒక అణా లెక్కన అతనికి పది అణాలు ముట్టాయి. నాలుగు రోజులు ఆగి 20వ తేదీన ఒక దోమను కోస్తే కడుపు గోడలో నల్లటి చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు ఇంకో దోమలో అవే కణాలు ఇంకాస్త పెద్దవయ్యాయి. పెరుగుతున్నాయి కాబట్టి అవి పరాన్నజీవులే అని తేలింది. ఆ పని జరిగిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది. నల్లకుంటలో అందరూ కోరంటి దవాఖాన అని పిలిచే ఫీవర్ ఆసుపత్రికి అసలు పేరు కూడా రాస్ పేరే. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. పది కాట్లు తిన్న హుసేన్ ఖాన్ పేరు మీద మాత్రం ఊళ్లో ఏమీ ఉన్నట్టు కనబడదు.

ఇప్పుడు మీ భయానికి వద్దాం. అబ్బాయిని కుట్టిన దోమ ఆ రాత్రే పాపను కుడితే మలేరియా రాదు. దోమ ముక్కులో రక్తం పైకి లాగే గొట్టం వేరు, ఎంగిలి కిందికి వదిలే గొట్టం వేరు. తాగిన రక్తం తిరిగి బయటికి రాదు. కడుపులోకి వెళ్లిన పరాన్నజీవి లాలాజలంలోకి రావాలంటే పైన చెప్పిన ప్రయాణమంతా పూర్తి కావాలి. గోడ మీద రక్తం తాగి కూర్చున్న దోమను చేత్తో చరిచి చంపి, ఆ రక్తం అరచేతికి అంటినా ఏమీ కాదు, కడుక్కుంటే సరి.

ఆ ప్రయాణానికి ఎన్ని రోజులు పడుతుందో వాతావరణం నిర్ణయిస్తుంది. ఫాల్సిపారానికి 25 డిగ్రీల దగ్గర దాదాపు 12 రోజులు, 28 డిగ్రీల దగ్గర తొమ్మిది రోజుల పైచిలుకు పడుతుంది. 18 డిగ్రీలకు పడిపోతే దాదాపు ఆగిపోతుంది. మన దగ్గర వానాకాలం దానికి సరిగ్గా సరిపోయే రోజులు. అయితే అన్నాళ్లు దోమ బతకాలి కదా. వంద దోమల్లో రోజుకు నూటికి పది చొప్పున చస్తాయనుకుంటే పన్నెండో రోజుకు 28 మిగులుతాయి. నూటికి ఇరవై చొప్పున చస్తే మిగిలేవి ఏడే. ఇంట్లో దోమల మందు, గోడల మీద స్ప్రే, ఆఖరికి బ్యాటు కూడా పనికొచ్చేది ఇందుకే. అన్నింటినీ చంపనక్కర్లేదు, ముసలి దోమలు మిగలకుండా చూస్తే చాలు. రక్తం తాగిన దోమ బరువెక్కి గోడ మీదో, మంచం కిందో, వేలాడే బట్టల వెనకో అరిగేదాకా కూర్చుంటుంది. అప్పుడే అది సులువుగా దొరుకుతుంది.

కాబట్టి చేయాల్సిన మొదటి పని, పక్కన పెట్టిన మాత్రలు. ముదిరిన గామెటోసైట్లను కొట్టేది ప్రైమాక్విన్. జాతీయ మార్గదర్శకాల్లో ఫాల్సిపారానికి పెద్దవాళ్ల మోతాదు 45 మిల్లీగ్రాములు, రెండో రోజున, ఒకే ఒక్కసారి. అంటే 7.5 మిల్లీగ్రాముల మాత్రలైతే ఆరు, 15వి అయితే మూడు. (వైవాక్స్‌కు రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు వాడేది కూడా ఈ మందే. అక్కడ దాని పని కాలేయంలో నిద్రపోతున్న పరాన్నజీవులను చంపడం. రెండింటినీ కలిపేసుకోకండి.) ఆలస్యమైంది కదా అని వదిలేయకండి. రక్తంలో గామెటోసైట్లు ఇంకా కనబడుతున్నాయంటే మందుకు ఇంకా పని ఉన్నట్టే. కానీ ఇంట్లో ఉన్న స్ట్రిప్పు విప్పి మీరే వేసేయకుండా రిపోర్టు పట్టుకుని ఇచ్చిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్నవాళ్లకు ఈ మందు ఎర్రకణాలను పగలగొడుతుంది, ఆ పరీక్ష అవసరమా అన్నది ఆయన చూస్తారు. వేసుకున్నాక మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కడుపులో తిప్పడం నిజమే, అది ఎక్కువగా పరగడుపున మింగితే. కడుపు నిండా అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి ఏమీ ఉండదు.

ముందుజాగ్రత్త అనుకుని ఆ మాత్రలు ఇంకెవరికీ ఇవ్వకండి. గర్భిణులకు ప్రైమాక్విన్ నిషిద్ధం. కోడలు ఉన్న ఇల్లు కాబట్టి స్ట్రిప్పు విడిగా, పేరు రాసి పెట్టండి.

ప్రైమాక్విన్ వేసిన ఒకటి రెండు రోజుల్లోనే గామెటోసైట్లు దోమలో పొదిగే శక్తి కోల్పోతాయి. స్లైడు మీద మాత్రం కొన్ని రోజులపాటు నెలవంకలు కనబడుతూనే ఉండొచ్చు. కనుక మాత్ర వేసిన మూడో రోజు మళ్లీ పరీక్షకు పరుగెత్తి దిగులు పడొద్దు. చుక్క రక్తంతో అప్పటికప్పుడు గీత చూపించే కార్డు పరీక్షతో అసలే వద్దు. ఫాల్సిపారం కార్డు పట్టుకునేది పరాన్నజీవి వదిలిన ఒక ప్రోటీన్‌ని. జబ్బు నయమయ్యాక కూడా అది వారాల తరబడి రక్తంలో ఉంటుంది, గీత పడుతూనే ఉంటుంది. చూడాల్సింది రక్తపు పూత స్లైడు, అడగాల్సిన మాట "రింగులు ఉన్నాయా?" అని. రింగులంటే జ్వరం తెప్పించే ఆ మొదటి రకమే, స్లైడు మీద ఉంగరాల్లా కనబడతాయి. గామెటోసైట్లు మాత్రమే ఉంటే మందు ఓడిపోయినట్టు కాదు. రింగులు కనబడినా, మందు మొదలుపెట్టిన 28 రోజుల్లోపు జ్వరం తిరగబెట్టినా అది వేరే సంగతి, మందు మార్చాల్సి రావచ్చు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. రిపోర్టులో గామెటోసైట్లు లేవని రాసినంత మాత్రాన దోమకు అంటవని హామీ లేదు. పరాన్నజీవులను లెక్కపెట్టేటప్పుడు ల్యాబులో 200 తెల్లకణాలు వచ్చేదాకా చూస్తారు. మైక్రోలీటరుకు 8,000 తెల్లకణాల లెక్కన, చూసింది మైక్రోలీటరులో నలభయ్యో వంతు. మనం అనుకున్న పది గామెటోసైట్ల రక్తంలో, నాలుగు సార్లు అలా చూస్తే ఒకటి తగులుతుంది. దోమ తాగేది మాత్రం రెండు మైక్రోలీటర్లు. ఆ విషయంలో దోమ కడుపు మన మైక్రోస్కోపు కంటే గట్టి పరీక్ష.

రెండో పొరపాటు దోమతెర. కోడల్నీ పాపనూ తెరలో ఉంచడం సరే, కానీ ఈ రెండు వారాలు ముఖ్యంగా తెరలో ఉండాల్సింది అబ్బాయి. తెరలో ఉన్న పాపకు ఆ ఒక్క మంచానికే రక్ష. తెరలో ఉన్న రోగి వల్ల వీధి మొత్తానికి రక్ష, ఎందుకంటే దోమకు పరాన్నజీవి దొరికే చోటు ఈ ఇంట్లో ఆయన ఒక్కడే. ఎనాఫిలిస్ పొద్దుగూకాక మొదలుపెట్టి రాత్రంతా కుడుతుంది. పడుకునేటప్పుడే కాదు, సాయంత్రం బాల్కనీలో ఫోను పట్టుకుని కూర్చునేటప్పుడు కూడా నిండు చేతుల చొక్కా, కాళ్లకు పూత మందు ఉండాలి. తెర అంచులు పరుపు కిందికి దోపాలి. వేలాడదీసి వదిలేస్తే చేయి తెరకు ఆనుకున్న చోట బయటినుంచే కుట్టేస్తుంది.

మీ నాలా గురించి ఒక మాట. మురుగులో పెరిగేవి ఎక్కువగా క్యూలెక్స్ దోమలు. చికాకు పెడతాయి, బోదకాలు వంటివి తెస్తాయి గానీ మలేరియా తేవు. నగరాల్లో మలేరియాను మోసే ఎనాఫిలిస్ స్టిఫెన్సీకి మంచినీళ్లే ఇష్టం. మేడ మీద మూత సరిగా పడని ట్యాంకు, సంపు, వాడని బావి, కట్టుబడి దగ్గర నీళ్లు పట్టిన శ్లాబు, నీళ్లు నిలిచిన లిఫ్టు గుంత, ఇవీ దాని పుట్టిళ్లు. నాలా మీద ఎన్ని ఫిర్యాదులు పెట్టినా మన ట్యాంకు మూత బిగించేది మనమే. పగటిపూట టార్చితో సంపులోకి చూడండి. పిల్ల పురుగులు నీటి పైపొరకు సమాంతరంగా, పడుకున్న పుల్లముక్కల్లా తేలుతుంటే అవి ఎనాఫిలిస్‌వి. తలకిందులుగా ఏటవాలుగా వేలాడుతుంటే వేరే జాతివి. పెద్ద దోమ గోడ మీద తల దించి, వెనకభాగం పైకెత్తి, ముల్లు గుచ్చినట్టు వాలిందంటే అది కూడా ఎనాఫిలిసే.

వేడి రోజుల్లో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే మున్సిపాలిటీవాళ్లు శుక్రవారం డ్రైడే అంటారు. వారానికోసారి కూలరు, డ్రమ్ము, కుండీల కింది పళ్లేలు ఖాళీ చేసి ఆరబెడితే పిల్ల పురుగులు దోమలయ్యే లోపే చస్తాయి. సంపునూ ట్యాంకునూ వారం వారం ఖాళీ చేయలేరు కాబట్టి వాటికి మూత బిగింపే మార్గం. చాలా ఇళ్లలో మూత బాగానే ఉంటుంది, దోమ దూరేది ఓవర్‌ఫ్లో పైపులోంచీ గాలి గొట్టంలోంచీ. వాటికి నైలాన్ జాలీ గుడ్డ చుట్టి తీగతో కట్టండి. వాడని బావి ఉంటే మున్సిపాలిటీలో దోమల పని చూసే ఎంటమాలజీ సిబ్బందిని అడిగి, దోమ పిల్లలను తినే గంబూషియా చేపలు వేయించండి. ఇంట్లో ఫాల్సిపారం కేసు ఉందని కూడా చెప్పండి. చుట్టుపక్కల ఇళ్లు వాళ్లు చూసుకోవాలి, మీరు దాచితే వాళ్లకు తెలిసే దారి లేదు.

ఇక రోజులు లెక్కపెట్టుకోండి. ఇప్పటికే ఏదైనా దోమ అబ్బాయి నుంచి పరాన్నజీవిని తీసుకుని ఉంటే, దోమలో పన్నెండు రోజులు, కుట్టించుకున్న మనిషిలో జ్వరం రావడానికి మరో పది పదిహేను రోజులు. అంటే ఇంట్లో ఎవరికైనా రావాల్సి ఉంటే మూడో వారం దాటాక మొదలవుతుంది. అప్పటికి అందరూ ఈ సంగతి మరిచిపోయి ఉంటారు. క్యాలెండరు మీద ఈ రోజు నుంచి నెలన్నర దాకా గీత గీయండి. ఆ లోపు కోడలికి గానీ పాపకు గానీ జ్వరం తగిలితే "రెండు రోజులు చూద్దాం" అనకుండా ఆ రోజే బస్తీ దవాఖానలోనో ఆసుపత్రిలోనో స్లైడు తీయించండి. ఇంట్లో ఫాల్సిపారం వచ్చి వెళ్లిందని డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. గర్భిణిలో ఫాల్సిపారం తల్లికీ బిడ్డకూ ప్రమాదం, గంటలు కూడా లెక్కే.

అబ్బాయి మూడు నెలల దాకా రక్తదానం చేయకూడదు. మళ్లీ బస్తర్ పనికి వెళ్తాడేమో, ఈసారి సామాన్లలో మందు పట్టించిన దోమతెర ఒకటి పెట్టి పంపండి. తిరిగొచ్చిన నెలలోపు జ్వరం వస్తే మెడికల్ షాపులో మాత్ర అడక్కుండా నేరుగా స్లైడు తీయించుకోమని చెప్పండి.